ఉన్నదాన్ని ఉన్నట్టు వదలని మెకానిక్: హెన్రీ రాయ్స్, ఆయన సిల్వర్ ఘోస్ట్

పాత కార్లను సేకరించేవారి లోకంలో విలువ కట్టే తీరు కొంత విచిత్రంగా ఉంటుంది. రంగు వెలిసి, తోలు సీట్లు పగుళ్లువారి, ఇత్తడి దీపాలు నల్లబడి, మడతపెట్టే గుడ్డ కప్పు చివికిపోయినా సరే, తయారైన నాటి రూపంలోనే మిగిలిన కారుకు వారు ప్రత్యేక గౌరవం ఇస్తారు. తళతళలాడేలా పునరుద్ధరించిన కార్లు ఎన్నో కనిపిస్తాయి. ఎవరి చేయీ పడని కారు కనిపించడమే అరుదు. అలాంటి అరుదైన వాటిలో రోల్స్-రాయ్స్ సిల్వర్ ఘోస్ట్ టూరింగ్ కారు ఒకటి. పైకప్పు తెరిచి దూరప్రయాణాలు చేయడానికి ఉద్దేశించిన ఈ వాహనాన్ని రూపొందించిన హెన్రీ రాయ్స్ మాత్రం 70 ఏళ్ల జీవితంలో ఏ వస్తువునూ అది చేతికి వచ్చిన స్థితిలోనే వదిలిపెట్టిన మనిషి కాదు. కొన్న కారును విప్పారు, తాను చేసిన కారును మళ్లీ మార్చారు, మంచం మీద ఉండి కూడా నమూనా చిత్రాలను దిద్దారు.

ఫ్రెడరిక్ హెన్రీ రాయ్స్ 1863 మార్చి 27న ఇంగ్లండులోని పీటర్‌బరో పట్టణానికి సమీపంలో ఉన్న ఆల్వాల్టన్ గ్రామంలో జన్మించారు. ఐదుగురు సంతానంలో ఆయనే చివరివాడు. తండ్రి జేమ్స్ రాయ్స్ పిండిమర నడిపేవారు. ఆ వ్యాపారం దెబ్బతినడంతో కుటుంబం లండన్ చేరింది. 1872లో తండ్రి పేదల ఆశ్రమంలో కన్నుమూశారు. అప్పటికి హెన్రీకి తొమ్మిదేళ్లు. బడి చదువు ఏడాదికి మించి సాగలేదు. ఆ బాలుడు వీధుల్లో వార్తాపత్రికలు అమ్మాడు. కొంత పెద్దయ్యాక మేఫెయిర్ తపాలా కార్యాలయంలో టెలిగ్రాములు పంచే పనిలో చేరాడు. తరువాతి కాలంలో ఆయన భాగస్వామి అయిన చార్లెస్ రోల్స్ 1877లో జన్మించింది ఆ మేఫెయిర్‌లోని ఒక సంపన్నుల ఇంట్లోనే. ఆ పుట్టుకకు వచ్చిన శుభాకాంక్షల టెలిగ్రాములను హెన్రీయే అందించాడని ఒక కథ చెప్పుకుంటారు. అది కేవలం ఊహ. అయితే ఆ ఇద్దరి పుట్టుకల మధ్య ఉన్న అంతరం మాత్రం ఊహ కాదు.

1878లో ఒక మేనత్త ఏడాదికి 20 పౌండ్లు చెల్లించేందుకు ఒప్పుకోవడంతో హెన్రీ పీటర్‌బరోలోని గ్రేట్ నార్తర్న్ రైల్వే కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరారు. ఆయన బస చేసిన ఇంటి యజమానికి పెరట్లో చిన్న పనిశాల ఉండేది. లేత్ యంత్రం నడపడం, ఆకురాయితో లోహాన్ని కొలతకు తేవడం ఆయన అక్కడే నేర్చుకున్నారు. చేతి నైపుణ్యం మీద ఆయనకు జీవితాంతం ఉన్న నమ్మకానికి ఆ పెరటి పనిశాలే మూలం అనుకోవచ్చు. మూడేళ్లకు మేనత్త వద్ద డబ్బు అయిపోయింది, అప్రెంటిస్ శిక్షణ మధ్యలోనే ఆగిపోయింది. పని వెతుక్కుంటూ లీడ్స్ వెళ్లి, పనిముట్లు తయారుచేసే సంస్థలో వారానికి 11 షిల్లింగుల కూలికి కుదిరారు. తరువాత లండన్‌లో ఒక విద్యుత్ సంస్థలో చేరి రాత్రిపూట తరగతులకు వెళ్లారు. ఆ రోజుల్లో విద్యుత్తు కొత్త విద్య. పట్టా లేనివాడికి కూడా అందులో చోటు దొరికేది. 1882లో లివర్‌పూల్‌లో వీధిదీపాలు, నాటకశాలల దీపాలు అమర్చే పనికి వెళ్లారు. ఆ కంపెనీ కూడా దివాలా తీసింది. ఇరవై ఏళ్లు దాటేసరికే మూతపడిన వ్యాపారాలను ఆయన చాలాసార్లు చూశారు. వాటిలో మొదటిది తండ్రిది.

1884లో ఆయన మాంచెస్టర్‌లోని కుక్ స్ట్రీట్‌లో సొంతంగా చిన్న కార్ఖానా తెరిచారు. పొదుపు చేసుకున్న 20 పౌండ్లు ఆయన పెట్టుబడి, మిత్రుడు ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్ తెచ్చిన 50 పౌండ్లు రెండో వాటా. మొదట ఇళ్లకు విద్యుత్ గంటలు, దీపాల హోల్డర్లు చేశారు. తరువాత డైనమోలు, విద్యుత్ క్రేన్లు వచ్చాయి. మిత్రులిద్దరూ కార్ఖానా పైగదిలోనే ఉంటూ పగలూ రాత్రీ పనిచేశారు. తరువాత ఇద్దరూ అక్కాచెల్లెళ్లను పెళ్లాడి తోడల్లుళ్లయ్యారు. 1893లో మిన్నీ పంట్‌తో రాయ్స్ వివాహం జరిగింది. రాయ్స్ క్రేన్లకు మంచి పేరు వచ్చింది, ఇల్లు కట్టుకున్నారు, తోట వేసుకున్నారు. కానీ భోజనం వేళకు ఇంటికి చేరే అలవాటు మాత్రం ఆయనకు రాలేదు. పనిలో మునిగి తిండి మరిచిపోయే యజమాని కోసం ఒక కుర్రవాడు పాలగ్లాసు పట్టుకుని వెంట తిరిగేవాడని ఆయన జీవితచరిత్రల్లో కనిపిస్తుంది. చీపురు పట్టుకునే తీరు సరిగా లేదని ఊడ్చేవాడికి స్వయంగా ఊడ్చి చూపించారన్న కథ కూడా ప్రచారంలో ఉంది. ఇలాంటి కథలను అభిమానులు ముచ్చటగా చెప్పుకుంటారు గాని, ఆయన దగ్గర పనిచేసినవారికి అవి అంత ముచ్చటగా ఉండి ఉండవు.

20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో జర్మనీ, అమెరికాల నుంచి చౌక విద్యుత్ యంత్రాలు రావడంతో రాయ్స్ కార్ఖానాకు ఆర్డర్లు తగ్గాయి. ధర తగ్గించాలంటే నాణ్యత తగ్గించాలి, అందుకు ఆయన ఒప్పుకోలేదు. అప్పటికే అధిక శ్రమతో ఆరోగ్యం కూడా దెబ్బతింది. ఆ దశలో ఆయన కొన్న ఫ్రెంచి డెకావిల్ కారు ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. అది మరీ చెడ్డ కారేమీ కాదు, ఆనాటి ప్రమాణాల్లో మంచిదే. అయినా ఆయనకు దాని మోత నచ్చలేదు, ఇంజిను వేడెక్కడం నచ్చలేదు, విద్యుత్ ఏర్పాటు అంతకన్నా నచ్చలేదు. కారును విప్పి భాగాలను పరిశీలించి, అంతకన్నా మేలైనది తానే చేయాలని నిశ్చయించుకున్నారు. రెండు సిలిండర్లతో పది అశ్వశక్తి గల మూడు కార్లను తన కార్ఖానాలోనే తయారుచేశారు. వాటిలో మొదటిది 1904 ఏప్రిల్ 1న రోడ్డెక్కింది. అందులో సరికొత్త ఆవిష్కరణ అంటూ ఏదీ లేదు. అందరికీ తెలిసిన భాగాలనే మరింత కచ్చితమైన కొలతతో, మరింత మంచి లోహంతో చేశారు. రాయ్స్ ప్రతిభ ఎక్కడుందో ఆ మొదటి కారే చెప్పింది. ఆయన కొత్తదాన్ని కనిపెట్టినవాడు కాదు, ఉన్నదాన్ని సరిచేసినవాడు. ఈ రెండో పనికి చరిత్రలో తక్కువ కీర్తి దక్కుతుంది.

ఆ కారు గురించి విన్న వారిలో లార్డ్ లాంగటాక్ కుమారుడు చార్లెస్ స్టూవర్ట్ రోల్స్ ఒకరు. కేంబ్రిడ్జిలో చదివి, కార్ల పందేల్లోనూ బెలూన్ విహారాల్లోనూ పేరు తెచ్చుకున్న రోల్స్, లండన్‌లో విదేశీ కార్లు అమ్మేవారు. సొంత దేశంలో తయారైన మంచి కారు దొరకడం లేదన్నది ఆయన అసంతృప్తి. ఇద్దరికీ పరిచయస్థుడైన హెన్రీ ఎడ్మండ్స్ చొరవతో 1904 మే 4న మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్‌లో వారు కలుసుకున్నారు. రాయ్స్ చేసే కార్లన్నీ రోల్స్ అమ్మాలని, వాటికి ఇద్దరి పేర్లూ పెట్టాలని ఆ ఏడాది డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 1906లో రోల్స్-రాయ్స్ లిమిటెడ్ ఏర్పడింది. వ్యాపారానికి రూపం ఇచ్చిన మూడో వ్యక్తి క్లాడ్ జాన్సన్. కంపెనీ పేరులో ఆయన పేరు లేదు. అయితే ఆ కారుకు ప్రపంచంలో పేరు తెచ్చిన ఆలోచనలు చాలావరకు ఆయనవే.

తొలి రెండేళ్లలో కంపెనీ చాలా రకాల కార్లు చేసింది. ఆరు సిలిండర్ల 30 అశ్వశక్తి కారు వాటిలో ఒకటి. పొడవైన క్రాంక్‌షాఫ్ట్ ఒక వేగం దగ్గర మెలితిరిగినట్టు కంపించి విరిగిపోవడం ఆ కాలపు ఆరు సిలిండర్ల ఇంజిన్లన్నిటి సమస్య. రాయ్స్ ఆ లోపం మీద నెలల తరబడి తలపట్టుకున్నారు. 1906 నవంబరులో లండన్ ఒలింపియా ప్రదర్శనలో కనిపించిన 40/50 అశ్వశక్తి కారు ఆ శ్రమకు ఫలం. ఆరు సిలిండర్లను ఒకే వరుసలో మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా పోతపోశారు. క్రాంక్‌షాఫ్ట్‌ను లావుగా చేసి ఏడు బేరింగుల మీద నిలిపారు. చమురు ఒత్తిడితో బేరింగులకు చేరేలా ఏర్పాటు చేశారు. ఇంజిను పరిమాణం 7,036 ఘనపు సెంటీమీటర్లు. నిప్పురవ్వ కోసం రెండు వేర్వేరు ఏర్పాట్లు ఉండేవి, ఒకటి మొరాయిస్తే రెండోది పనిచేసేది. చట్రంలో చాలాచోట్ల రివెట్లు కొట్టడానికి బదులు, కొస వైపు కొద్దిగా సన్నబడే బోల్టులను వాటి కొలతకే మలిచిన రంధ్రాల్లో బిగించారు. ఆ పని నిదానంగా సాగుతుంది, ఖర్చు ఎక్కువ. కానీ ఏళ్లు గడిచినా చట్రం కీళ్లు వదులు కావు. వంద సంవత్సరాల తరువాత కూడా ఆ కార్లు మోత లేకుండా నడవడానికి అసలు కారణం ఇలాంటి, కంటికి కనిపించని చోట్లే ఉంది.

ఈ నమూనాలో 12వ చట్రానికి 1907లో బార్కర్ సంస్థ తెరిచిన టూరింగ్ బాడీ కట్టింది. జాన్సన్ దానికి అల్యూమినియం రంగు వేయించి, లోహపు సామగ్రికి వెండి పూత పెట్టించి, సిల్వర్ ఘోస్ట్ అన్న పేరున్న ఫలకం బిగించారు. వెండి దెయ్యం అన్న ఆ పేరు దాని నిశ్శబ్దాన్ని ఉద్దేశించి పెట్టినది. ఏఎక్స్ 201 అన్న నంబరుతో ప్రసిద్ధమైన ఆ కారును స్కాట్లండ్ పరీక్షలో గెలిపించాక, రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పర్యవేక్షణలో లండన్, గ్లాస్గోల మధ్య రాత్రింబవళ్లు నడిపారు, ఆదివారాలు మాత్రమే విరామం. 629వ మైలు దగ్గర రోడ్డు కుదుపులకు పెట్రోలు కుళాయి దానంతటదే మూసుకుపోయి కారు ఒకసారి ఆగింది. అక్కడి నుంచి 15,000 మైళ్లు పూర్తయ్యేవరకు, అంటే మరో 14,371 మైళ్లు, లోపంతో ఆగింది లేదు. ఇది సుమారు 23,000 కిలోమీటర్ల దూరం. తరువాత ఇంజినును విప్పి ప్రతి భాగాన్నీ కొలిచారు. అరిగిన భాగాలను కొత్తవాటితో మార్చడానికి అయిన ఖర్చు రెండు పౌండ్ల పైచిలుకు మాత్రమే. మోటారు కారు అంటే ఇంటి నుంచి బయలుదేరడమే గాని చేరడం దైవాధీనం అనుకునే రోజుల్లో ఈ లెక్క జనాన్ని ఆశ్చర్యపరిచింది.

1908లో కంపెనీ మిగిలిన నమూనాలను ఆపివేసి ఈ ఒక్కదానికే పరిమితమైంది. ఆ ఏడాది జూలై 9న డెర్బీ పట్టణంలో కొత్త కార్ఖానా ప్రారంభమైంది. దాని నిర్మాణంలోనూ యంత్రాల అమరికలోనూ రాయ్స్ చేయి పడని చోటు లేదు. కారు భాగాలు ఎంతకాలం మన్నుతాయో తెలుసుకోవడానికి, వాటిని నిలిపిన చోటే ఎడతెగకుండా కుదిపే యంత్రాన్ని కూడా అక్కడ ఏర్పాటు చేశారు.

ఆ కారు భారతదేశానికి రావడానికీ ఎక్కువ కాలం పట్టలేదు. 1908లో బొంబాయి, కొల్హాపూర్‌ల మధ్య పశ్చిమ కనుమల ఎత్తుపల్లాల మీదుగా జరిగిన మోటారు పరీక్షలో తూర్పు ముత్యం అన్న అర్థం వచ్చే పేరుతో ఒక 40/50 టూరింగ్ కారు పాల్గొని విజయం సాధించింది. దాన్ని గ్వాలియర్ మహారాజు కొన్నారు. సంస్థానాధీశుల ఆర్డర్లు అక్కడి నుంచి వరుసకట్టాయి. 1911 ఢిల్లీ దర్బారులో ఐదవ జార్జి చక్రవర్తి పర్యటన కోసం ఎనిమిది కార్లు సమకూర్చారు. హైదరాబాదులో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కూడా ఒక సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరు ఇచ్చారు. అది ఊరేగింపులకు ఉద్దేశించినది, వెనుక భాగంలో సింహాసనం వంటి ఎత్తయిన ఆసనం, పసుపు పచ్చని రంగు. కారు చేరకముందే 1911 ఆగస్టులో ఆయన మరణించారు. తరువాత ఆ కారు కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఉత్సవాలకు మాత్రమే బయటకు వచ్చేది. నాలుగు వందల మైళ్లు కూడా తిరగని ఆ వాహనం పునరుద్ధరణ అనంతరం చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులకు కనిపిస్తోంది. 15,000 మైళ్లు ఏకబిగిన పరుగెత్తగలనని నిరూపించుకున్న జాతికి చెందిన కారు అంత తక్కువ నడవడం రాయ్స్‌కు నచ్చేది కాదేమో.

ఈలోగా ఆయన జీవితంలో రెండు దెబ్బలు తగిలాయి. 1910 జూలై 12న బోర్న్‌మత్ వద్ద విమాన ప్రదర్శనలో రోల్స్ ప్రమాదానికి గురై 32 ఏళ్ల వయసులో మరణించారు. మరుసటి సంవత్సరం రాయ్స్ తీవ్రంగా జబ్బుపడ్డారు. విశ్రాంతి కోసం జాన్సన్ ఆయనను కారులో యూరప్ మీదుగా ఈజిప్టు వరకు తీసుకువెళ్లారు. తిరుగు ప్రయాణంలో దక్షిణ ఫ్రాన్సు తీరంలోని లె కనాడెల్ అనే ఊరు రాయ్స్‌కు నచ్చడంతో, అక్కడ ఇల్లు కట్టించే ఏర్పాటు జరిగింది. 1912లో పేగులకు పెద్ద శస్త్రచికిత్స అవసరమైంది. మరి కొన్ని నెలలకు మించి బతకరని వైద్యులు భావించారు. ఆయన మరో 21 సంవత్సరాలు బతికారు. అయితే డెర్బీ కార్ఖానాతో ఆయన నిత్యసంబంధం ఆనాటితో ముగిసింది. మిన్నీతో కలిసి ఉండటం కూడా ముగిసింది. నర్సు ఎథెల్ ఆబిన్ చివరి రోజు వరకు ఆయనను కనిపెట్టుకుని ఉన్నారు. తిండీ నిద్రా లెక్కచేయని యవ్వనానికి ఆయన శరీరం చెల్లించిన మూల్యం ఇది. ఆ మూల్యంలో కొంత వాటా ఆ ఇంట్లో ఒంటరిగా మిగిలిన ఇల్లాలిది కూడా.

చలికాలం ఫ్రాన్సులో, మిగిలిన కాలం ఇంగ్లండు దక్షిణ తీరంలో గడుపుతూ రాయ్స్ దూరం నుంచే కంపెనీని నడిపించారు. కొద్దిమంది నమూనాకారులు ఆయన ఇంటి సమీపంలోనే మకాం పెట్టేవారు. వారు గీసిన చిత్రాలు, ఆయన చెప్పి రాయించిన లేఖలు తపాలాలో డెర్బీ చేరేవి. అక్కడ తయారైన భాగాలు, పరీక్షించాల్సిన కార్లు ఆయన గుమ్మం ముందుకు వచ్చేవి. ఒక బోల్టు మందం దగ్గర నుంచి స్ప్రింగు వంపు వరకు ఆయన అనుమతి లేనిదే మారేది కాదు. ఈ ఏర్పాటు వల్ల కంపెనీకి కలిగిన లాభం నాణ్యత, నష్టం జాప్యం. ముందు చక్రాలకు బ్రేకుల సంగతే చూడవచ్చు. ఫ్రాన్సులోని హిస్పానో-సుయిజా 1919లోనే నాలుగు చక్రాలకూ శక్తిమంతమైన బ్రేకులు ఇచ్చింది. సిల్వర్ ఘోస్ట్‌కు అవి రావడానికి 1920ల నడిమి వరకు, అంటే ఆ నమూనా చివరి దశ వరకు ఆగాల్సి వచ్చింది. అంత బరువైన, అంత వేగవంతమైన కారుకు అది చిన్న ఆలస్యం కాదు.

గేర్ల కథ మరోలా జరిగింది. మొదటి కార్లలో నాలుగు గేర్లు ఉండేవి. నాలుగోది సమతల రోడ్డు మీద ఇంజినును నిదానంగా తిప్పుతూ వేగంగా వెళ్లడానికి ఉద్దేశించినది. కొన్నవారు దాన్ని తప్పుగా వాడి, మోత వస్తోందని ఫిర్యాదు చేయడంతో 1909లో కంపెనీ మూడు గేర్లకు తగ్గింది. నేరుగా పై గేరులోనే లండన్ నుంచి ఎడింబరోకు వెళ్లి 1911లో కారు తన సత్తా చూపింది. అదే కారు బ్రూక్లాండ్స్ పందెపు బాటలో గంటకు 78 మైళ్లు, అంటే 125 కిలోమీటర్లు దాటింది. అంతా బాగుందనుకుంటున్న సమయంలో 1912 ఆల్ప్స్ పర్వతాల పోటీలో ఒక సిల్వర్ ఘోస్ట్ ఆస్ట్రియాలోని కాట్ష్‌బెర్గ్ కనుమ ఎక్కలేక ఆగిపోయింది. ప్రయాణికులు దిగితే తప్ప కదలలేదు. అంతగా ప్రచారం చేసుకున్న కారుకు ఇది తలవంపు. తప్పును దాచుకోవడం రాయ్స్ బృందానికి చేతకాలేదు. కొండలు ఎక్కే బలమైన మొదటి గేరు చేర్చి నాలుగు గేర్లు తిరిగి తెచ్చారు, రేడియేటరును మెరుగుపరిచారు. 1913లో అదే పోటీలో అవే కొండలను ఆ కార్లు సునాయాసంగా దాటాయి. తరువాతి కార్లన్నిటిలో ఆ మార్పులు నిలిచాయి. ఈ ఓటమి ఎదురుకాకపోతే సిల్వర్ ఘోస్ట్ అంతకాలం నిలిచేది కాదు.

1914లో యుద్ధం రావడంతో ఆ చట్రాల మీదే ఉక్కు పలకలు కట్టి సాయుధ శకటాలు తయారుచేశారు. అరేబియా ఎడారిలో టి.ఇ. లారెన్స్ దళానికి అవి అండగా నిలిచాయి. ఇసుకలో, రాళ్లలో, మోయాల్సిన దానికన్నా ఎక్కువ బరువుతో నడిచిన ఆ కార్లే రాయ్స్ కొలతలకు అసలైన పరీక్ష పెట్టాయి. ఆయన దృష్టి మాత్రం అప్పటికే ఆకాశం వైపు మళ్లింది. ఆయన రూపొందించిన 12 సిలిండర్ల ఈగిల్ విమాన ఇంజిను 1915లో నడిచింది. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్‌లు ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటిన విమానానికి రెండు ఈగిల్ ఇంజిన్లే శక్తినిచ్చాయి.

1925లో ఫాంటమ్ అన్న కొత్త నమూనా వచ్చింది. పాత 40/50 కార్లన్నిటికీ సిల్వర్ ఘోస్ట్ అన్న పేరు స్థిరపడింది అప్పుడే. అంతకుముందు ఆ పేరు లెక్కప్రకారం ఒక్క ఏఎక్స్ 201కే చెందినది. ఇంగ్లండులోనూ అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ కార్ఖానాలోనూ కలిపి 1926 వరకు తయారైనవి దాదాపు 7,900. వీటిలో అసలు రూపంతో మిగిలిన టూరింగ్ కార్లు ఎందుకు తక్కువో తెలుసుకోవాలంటే ఆనాటి అమ్మకపు పద్ధతి తెలియాలి. కంపెనీ అమ్మింది చట్రం, ఇంజిను, రేడియేటరు మాత్రమే. బాడీని కొన్నవారే బార్కర్, హూపర్ వంటి బండ్ల తయారీదారుల వద్ద కట్టించుకునేవారు. కొందరు సంపన్నులు చలికాలానికి మూసిన బాడీ, వేసవికి తెరిచిన బాడీ అని రెండు ఉంచుకుని మార్చుకునేవారు. 1930లలో కార్లు పాతబడి చౌకయ్యాక, చట్రం ఇంకా గట్టిగా ఉండటంతో వాటిని శవవాహనాలుగా, చెడిన బండ్లను లాగే ట్రక్కులుగా మార్చారు. తరువాత కాలంలో మోజు పెరిగినప్పుడు అభిమానులు పాత చట్రాల మీద కొత్తగా టూరింగ్ బాడీలు కట్టించారు. అందువల్ల నేడు ప్రదర్శనల్లో మెరిసే తెరిచిన సిల్వర్ ఘోస్ట్‌లలో చాలావాటి చట్రం పాతది, పైభాగం కొత్తది. చట్రం పుట్టినప్పుడు కట్టిన బాడీ, ఆనాటి తోలు, ఆనాటి రంగు ఒకేచోట నిలిచిన కారు అందుకే అంత విలువైనది. ప్రఖ్యాతమైన ఏఎక్స్ 201 కూడా నాలుగు దశాబ్దాలు ఒకే యజమాని వద్ద తిరిగి 1948లో కంపెనీ చేతికి వచ్చాక, తరువాతి కాలంలో పునరుద్ధరణకు లోనైంది. ఆ కారును తాకకుండా ఉంచాల్సిందా, తాకాల్సిందా అన్న విషయంలో అభిమానులు ఏకాభిప్రాయానికి రారు. రాయ్స్ ఏ పక్షాన ఉండేవారో ఊహించడం కష్టం కాదు.

ఆయన చివరి ఏళ్లు ఇంగ్లండు దక్షిణ తీరంలోని వెస్ట్ విటరింగ్ గ్రామంలో గడిచాయి. పొలం, పండ్ల చెట్లు, గులాబీలు చూసుకుంటూనే నమూనాకారులతో కూర్చునేవారు. ష్నైడర్ ట్రోఫీ సముద్ర విమానాల పోటీకి కావలసిన ఆర్ ఇంజిను రూపురేఖలను ఆయన అక్కడి ఇసుకలో చేతికర్రతో గీశారని ఒక కథ ఉంది. కథ నిజమైనా కాకపోయినా ఇంజిను నిజం. దానితో బ్రిటన్ 1929లోనూ 1931లోనూ ట్రోఫీ గెలుచుకుంది, అదే ఏడాది విమానం తొలిసారి గంటకు 400 మైళ్ల వేగం దాటింది. 1930లో ప్రభుత్వం ఆయనకు బారొనెట్ బిరుదు ఇచ్చింది. ఆయనకు సంతానం లేనందున అది ఆయనతోనే ముగిసింది. సంతకం చేయాల్సిన చోట ఆయన తన పేరు పక్కన మెకానిక్ అని రాసుకున్న సందర్భం ఉంది. ఇంజినీరు అన్న మాట వాడుకునే హక్కు అందరికన్నా ఆయనకే ఎక్కువగా ఉన్నా దాన్ని కోరుకోలేదు.

1933 ఏప్రిల్ 22న 70 ఏళ్ల వయసులో సర్ హెన్రీ రాయ్స్ వెస్ట్ విటరింగ్‌లో కన్నుమూశారు. కారు ముందు భాగంలోని రెండు ఆంగ్ల అక్షరాల చిహ్నం ఎరుపు నుంచి నలుపుకు మారింది ఆయన మరణానికి సంతాపంగానే అన్న మాట విస్తృతంగా వినిపిస్తుంది. ఆ మార్పు అంతకుముందే నిర్ణయమైంది. చివరి నెలల్లో ఆయన మంచం పక్కన ఉన్న పనుల్లో, ప్రభుత్వ ఆర్డరు లేకుండా కంపెనీ సొంత ఖర్చుతో మొదలుపెట్టిన కొత్త 12 సిలిండర్ల విమాన ఇంజిను ఒకటి. తరువాత మెర్లిన్ అన్న పేరు పొందిన ఆ ఇంజిను, ఆయన మరణించిన ఆరు నెలలకు అక్టోబరులో డెర్బీలో తొలిసారి తిరిగింది. అప్పటికి ఆయన చితాభస్మం అదే డెర్బీ కార్ఖానాలో ఉంది. కొన్నేళ్ల తరువాత దాన్ని ఆల్వాల్టన్ గ్రామంలోని చర్చికి చేర్చారు.